విత్తనాల డ్రమ్ము

ఏమండీ,

ఐదో తరగతితో ఆగిన చదువు నాది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులుంటే మన్నించండి. మీరు చదవరని తెలిసే రాస్తున్నాను.

తొలకరి పడిందని ఈ రోజు విత్తనాల డ్రమ్ము తెరిచాం. కందులన్నీ పుచ్చిపోయాయి. "గాలి చొరకుండా మూస్తే పురుగు లోపలే చచ్చుద్దన్నాడు. ఏం మూశాడో ఏందో," అని అత్తయ్య మిమ్మల్నే అన్నది. ఈ ఏడు చేను కౌలుకిచ్చేస్తుందట.

మీరు బాగానే మూశారు. మీరు పోయిన నెల రోజులకి, చివరిగా మీ చెయ్యి తగిలిన గింజలు అవే కదా అని, మూత చుట్టూ మీరు మెత్తిన పేడమట్టి పగలగొట్టి నేనే తీశాను. కాసేపు అందులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. మళ్లీ మట్టి మెత్తాను గానీ మీలా కుదరలేదు.

అత్తయ్య అలా అంటుంటే నేను పుచ్చిన కందులు చేటలోకి ఎత్తాను. తప్పు మీ మీదే ఉండిపోయింది.

ఈ ఉత్తరం పొయ్యిలో కాల్చేస్తాను. మూత ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను.