చేతులతో మాటలు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉదయం నీ సమాధి మీద పూలు పెట్టి వచ్చేసరికి మీ మరిది డాబా మీద డిష్ పెట్టిస్తున్నాడు. ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటర్నెట్ వస్తుందట. "ఇక బొమ్మ ఆగదండి," అన్నాడు బిగించినతను.

నీకు పుట్టుకతోనే వినిపించదు. ఈ ఇంట్లోంచే వీడియోకాల్‌లో నీ స్నేహితురాలితో నువ్వు చేతులతో మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోయి, మాట సగంలోనే ఉండిపోయేది. విసుగొచ్చి ఫోను పక్కన పడేసేదానివి.

సాయంత్రం గంపలగూడెం నుంచి నీ స్నేహితురాలు మేరీ వీడియోకాల్ చేసింది. తనకీ వినిపించదు కదా, "ఎలా ఉన్నావు?" అని చేతులతోనే అడిగింది.

"అలిసిపోయాను," అన్నాను, నేనూ చేతులతోనే.

బొమ్మ ఎక్కడా ఆగలేదు. చాలాసేపు నీ గురించే చెప్పుకున్నాం.

నువ్వు వెళ్లాక ఈ ఇంట్లో నాకు చేతులతో మాట్లాడే పని పడలేదు. ఇప్పుడు వేళ్లు నొప్పెడుతున్నాయి.