నీళ్ళు నమలడం

హాస్టలు, రెండో అంతస్తు,
సోమవారం.

అక్కకు,

వాదాలన్నీ గుమ్మం బయట విడిచి, చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నా క్షేమానికేం లోటు లేదు. చెడింది నీ పని, చెరిచింది నేను. నీ దగ్గరకు వచ్చే ఒకమ్మాయి రెండు గురువారాలుగా రావడం లేదు. కారణం నీకు తెలియదు.

పోయిన నెల నీ గొడుగు తిరిగివ్వడానికి వచ్చి బయటి గదిలో కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. బల్ల మీద ఎప్పటిలాగే రెండు కంచాలు. తిండికి భయపడేవాళ్ళతో కూర్చుని నువ్వూ తింటావు. ‘తిను’ అన్న మాట మాత్రం ఆ గదిలో పలకవు. ఇదేం వైద్యం, విందులా ఉందని ఎన్నిసార్లు వెక్కిరించానో. ఆ రోజు లోపలి గొంతు ఒకటి, తను నీళ్ళు కూడా నమిలే మింగుతానని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మాట బాగుందని దాచుకున్నాను.

మనోవ్యాధులు సోమరితనానికి మారుపేర్లన్నది మా కాలేజీ వాదపోటీలో నా పక్షం. నా మూడో ప్రశ్నకు ఎదుటివాళ్ళు తడబడితే, నీళ్ళు నములుతున్నారన్నాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? నిజంగానే నీళ్ళు నమిలే మహాతల్లి ఒకతె మా అక్క గదికి వస్తుందని, ఆ నీళ్ళలో రాళ్ళున్నాయేమో కనుక్కోమని అన్నాను. సభ గొల్లుమంది. కప్పు నాకే ఇచ్చారు. మూడో వరుసలో ఒకమ్మాయి లేచి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా, మెల్లగా బయటికి నడిచింది.

మర్నాడు వాకబు చేసి ఆమె గదికి వెళ్ళాను. తలుపు తీసి, గెలిచిన కప్పులో ఏం పోసుకు తాగుతున్నావమ్మా, నీళ్ళేనా అని అడిగింది. నీకు ముందే తెలిసిన సంగతి నాకు అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ళ తమ్ముడు. భోజనాల బల్ల. నవ్వులో గొంతుకు అడ్డుపడిన ముద్ద. నవ్వించింది తనేనట. ఆనాటి నుంచి గొంతు దిగవలసిన ప్రతిదాన్నీ, నీళ్ళతో సహా, పళ్ళతో తడిమి చూస్తే గాని మింగలేదు. లోకంలో నీకొక్కదానికే చెప్పుకుందట.

మీ అక్క చెప్పిందా అని అడిగింది. మా అక్క పెదవి విప్పలేదు, తలుపు చాటున విన్న దొంగను నేనేనని అక్కడికక్కడే చెప్పి, క్షమాపణ కోరాను. అయినా నీ దగ్గరకు రావడం మానేసిందని ఆమె పక్కమంచం పిల్ల చెప్పింది. నా వెక్కిరింత అంత లోతుగా దిగింది కాబోలు.

తిట్టి జవాబు రాయి. నువ్వు తిట్టవని తెలుసు. నా భయమంతా అదే.

‘ప్లీడరమ్మా’ అని నువ్వు ఇక పిలవకపోయినా నిలదీయలేని,
చెల్లెలు

తా.క.: మంగళవారం. ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు. అందులో ఒక అబద్ధం ఉంది. మీ అక్క చెప్పిందా అని ఆమె అడిగినప్పుడు నేనేమీ చెప్పలేదు. ఆ గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాను. నా మౌనాన్ని ఆమె అవుననే అనుకుంది. నీ దగ్గరకు రావడం మానేసింది అందుకే. ఈ ఉదయం వెళ్ళి నిజం చెప్పాను. క్షమించానని అనలేదు. తలుపు వేయబోతూ ఆగి, గురువారం ఆ బల్ల మీద రెండో కంచం ఇంకా పెడుతున్నారా అని అడిగింది. తెలియదన్నాను.

పెట్టు, అక్కా.