మోగని తెల్లరాయి

ఏమండీ, సోదామ్ వాళ్ళ నాన్నా, ఆ కొత్త సానరాయి తిరుగుతూ పగిలి మామయ్య మొహాన కొడుతుందేమోనని నా భయం.

బూడిదరంగు రాయి మీద హైస్పీడ్ స్టీల్ పనిముట్ల అంచు నీలంగా మాడిపోతోందన్నారుగా, మీరు చెప్పిన ఎనభై నంబరు తెల్లరాయే, మెత్తరకం తెచ్చాను. మెట్ల మీద మామయ్య చేతిలోంచి జారి పడింది. వేలికి తగిలించి సుత్తి పిడితో కొట్టి చూశాను. బీట లేని రాయి ఖంగుమనాలి, ఇది పగిలిన కిమ్చీ జాడీలా దబ్బుమంది. మామయ్య లాక్కుని తనూ కొట్టి, "గుడిగంటలా మోగుతుంటే! బడి మధ్యలో మానేసినదానివి, నీకేం తెలుసమ్మా?" అన్నారు. పక్కషాపు వాళ్ళు నవ్వారు. ఆయన రాయిని గ్రైండర్‌కి బిగించేశారు.

నిన్న పాప సోదామ్ ఆయన వెనకే గుక్కపట్టి ఏడ్చినా ఆయన తిరగలేదు. ఆయనకి వినబడటం లేదు. ఎన్నిసార్లు చెప్పినా మీరు ఒప్పుకోలేదు.

ఆయన భోంచేస్తుంటే ప్లగ్గు పీకి, వంటింటి కత్తెరతో గ్రైండర్ తీగ కత్తిరించాను. తిట్టాలంటే నన్నే తిట్టండి. ఆ రాయి పారేసి వేరేది తెండి.

పాపకి జ్వరం తగ్గలేదు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. పులుసు పొయ్యి మీద ఉంది.

తీగ అతికించుకోవడం మామయ్యకి ఎంతసేపు? పులుసు తర్వాత తినొచ్చు, ముందు కింద షాపులోకి దిగి ఆయన్ని చూడండి. గుమ్మంలోంచి పిలిస్తే వినబడదు, దగ్గరికి వెళ్ళండి.