స్కోరు ఎంత, బాపూ

ఆదివారం, రాత్రి

టీవీ కొన్నాం. బాపు ఇవాళ ఆటో తియ్యకుండా నాతోపాటు కరీంనగర్‌లో మూడు షాపులు తిరిగాడు. నలభై మూడు ఇంచులది మా బడ్జెట్‌కు అందేలా లేదు. ముప్పై రెండు సరిపోతుందో లేదోనని, ఇంట్లో ఆయన కూర్చునేంత దూరంలోనే స్టూలు వేయించి, క్రికెట్ స్కోరు చెప్పమన్నాను. టక్కున చెప్పాడు.

"రెండూ ఒక్కతీర్గనే కనవడ్తున్నయ్ బిడ్డా. పైసలెందుకు దండుగ జేసుడు" అన్నాడు. నాకూ ఆ మాటే కావాలి. చిన్నదే తీసుకున్నాం.

సాయంత్రం గోడకు బిగించాక, పాప నిద్రపోతోందని సౌండ్ పూర్తిగా తీసేశాను. బాపు మ్యాచ్ చూస్తున్నాడు. అటుగా వెళ్తూ ఊరికే స్కోరు ఎంతని అడిగాను. మెడ ముందుకు చాచి టీవీ వైపు చూశాడు.

"నువ్వే సూడరాదు" అన్నాడు.

షాపులో ఆయన స్కోరు చెప్పింది చూసి కాదు, కామెంటరీ విని.

కండ్ల డాక్టరు దగ్గరికి పోదామంటే "నాకేమైంది, మంచిగనే ఉన్న" అన్నాడు. రేపు పొద్దున ఆరింటికి మంథని కిరాయి ఒప్పుకున్నాడట.

మేకుకు తగిలించి ఉన్న ఆటో తాళంచెవి తెచ్చి నా దిండు కింద పెట్టుకున్నాను. పొద్దున ఆయన వెతుక్కుంటుంటే ఏం చెప్పాలో...