సెలవు మీద వెళ్ళిన మొక్కల పంతులుగారు

ఏమండీ,

బాగున్నారా? మీరు పోయి ఏడాది దాటింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను అని రాయాలి కదా... రాశాను.

ఆదివారాలే గడవడం లేదు. చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక మీరు ఆ అరబ్బు దేశాల పుస్తకం తీసేవారు. రాజోలులో దొరల బంగళా సామాను వేలం వేసినప్పుడు అందరూ కుర్చీలూ మంచాలూ కొనుక్కుంటే, మీరు ఆ పాత తోలు అట్ట పుస్తకం ఎత్తుకొచ్చారు. నాకు ఇంగ్లీషు రాదు. మీరు చదివి తెలుగులో చెప్పాలి, నేను బొమ్మలు చూడాలి. బొమ్మ మీది పల్చటి కాగితం ఎత్తబోతే చాలు, "చేతికి కొబ్బరినూనె ఉందేమో చూసుకో సుందరీ, ఒంటె మీద పడితే మళ్ళీ వదల్దు" అనేవారు. నాకంటే మీకు ఆ ఒంటె ఎక్కువ!

ఎర్ర సముద్రం ఎర్రగా లేదేమిటండీ అని అడిగాను, గుర్తుందా? "ఎరుపు చూడాలంటే వరదప్పుడు గోదారి గట్టుకెళ్ళాలే. మోషేగారు ఇటొచ్చుంటే మన లంకల్లోనే ఉండిపోయేవారు" అన్నారు.

ఇప్పుడు కువైట్ వెళ్ళే ఆడవాళ్ళు వచ్చి ఆ బొమ్మలు చూపించమంటున్నారు. ఒంటెలూ ఇసకా తప్ప ఏమీ లేవని మొహం చిన్నబుచ్చుకుని వెళ్తున్నారు.

ఆ దేశాల విశేషాలు రాసుకు రమ్మని ఎవరో రాజుగారు పంపిన ఐదుగురు పండితులు మన ఇంట్లో మనుషులైపోయారు కదూ? మొక్కల పంతులుగారు, భాషల ఆయన, బొమ్మల మాస్టారు, డాక్టరుగారు, దేశం కొలిచి పటం గీసే అబ్బాయి. కథ సగానికి వచ్చేసరికి ఒక్కొక్కరే కనబడకుండా పోయేవారు. ఏరండీ ఆయన అంటే, "సెలవు పెట్టి ఊరెళ్ళిపోయేరు. ఎండకి తట్టుకోలేకపోయేరు పాపం" అనేవారు. నమ్మాను. బడిపంతులు భార్యని, సెలవంటే నాకు తెలియనిదేముంది? ఆ తర్వాత, "మిగతాదంతా కొలతలూ లెక్కలేలే" అని పుస్తకం మూసేసేవారు.

మొన్న ఆదివారం మీ శిష్యురాలు కమల వచ్చింది. మలికిపురంలో ఇంగ్లీషు టీచరుగా చేస్తోంది. ఆ మిగతాదేమిటో చదివి చెప్పమన్నాను. లెక్కలైనా పరవాలేదు... ఆ పుస్తకం చదివే గొంతు ఒకటి ఇంట్లో వినబడితే చాలనిపించింది.

మొక్కల పంతులుగారు ఎక్కడికీ వెళ్ళలేదటండీ. జ్వరం వచ్చి అక్కడే, ఏదో కొండ ఊళ్ళో పోయారట. భాషల ఆయన అంతకుముందే. బొమ్మల మాస్టారు ఓడలో పోతే సముద్రంలోనే... డాక్టరుగారైతే మన బొంబాయిదాకా వచ్చి మరీ పోయారట. కమల చదవడం ఆపి నా మొహం చూసింది.

మీ మీద ఎంత కోపం వచ్చిందో! వాళ్ళంతా ఇళ్ళకు చేరి పిల్లాపాపలతో ఉన్నారనుకున్నాను ఇన్నేళ్ళూ. తర్వాత గుర్తొచ్చింది... మీరా పుస్తకం మొదలుపెట్టింది మా తమ్ముడు జ్వరంతో పోయిన ఏడాదే. జ్వరంతో పోయారన్న మాట వింటే నేను అన్నం మానేసేదాన్ని. అందుకని నలుగురికీ మీరే సెలవు ఇచ్చేశారా?

కోపం పోయింది. పోయాక ఇల్లు మరీ ఖాళీగా ఉంది. కోపం ఉన్నంతసేపూ మీరు ఎదురుగా కూర్చున్నట్టే ఉంది.

ఒకటి మాత్రం అడుగుతాను. పటం గీసే అబ్బాయి మిగిలాడు కదా, అతని సంగతి ఎందుకు చెప్పలేదు? అక్కడివాళ్ళ బట్టలే కట్టుకుని, వాళ్ళ తిండే తింటూ ఒక్కడే ఇంటిదారి పట్టాడట. కమల అక్కడిదాకా చదివి, బస్సు టైమైందని లేచింది. చనిపోయినవాళ్ళను నా కోసం బతికించారు, సరే. బతికున్నవాణ్ణి ఎందుకు దాచారు? ఇప్పుడు నాకు కావలసింది అతనే. పక్కన మనిషి లేకుండా పొద్దు ఎలా గడిపాడు? దూరాన కొత్త ఊరు కనబడితే, అదిగో చూడు అని ఎవరితో అన్నాడు?

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానంది కమల. వస్తే చివరిదాకా చదివిస్తాను. అతను ఇల్లు చేరేసరికి లోపలినుంచి తలుపు తీసేవాళ్ళు ఉన్నారో, నాలాగే గుమ్మంలో నిలబడి తాళంచెవి వెతుక్కున్నాడో... తెలిసిన రోజు మీకు రాస్తాను.

మీ
సుందరి