నీలం బండి మొదటి ట్రిప్పు

బాపూ,

నీ పాత పికప్ బండి ఇవాళ నడిచింది. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు విప్పి పెట్టిన ఇంజన్‌ను సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని నేనే బిగించాను. పక్కింటి అత్త ఎగతాళి చేస్తూనే ఉంది: "ఏందే పోరీ, బీకాం చదివి గ్రీజు పూసుకుంటున్నవ్? మొగడు దొరుకుతడా?"

రంగు నువ్వు అనుకున్న నీలమే వేశాను. యాక్సిలరేటర్ వైరు మాత్రం మార్చలేదు. అది తెగినప్పుడు మగ్గం తాడు జతచేసి, తెగిన పోగుకు వేసే ముడే దానికీ వేశావు. మెకానిక్ నవ్వితే, "పోగు తెగితే మగ్గం అమ్ముకుంటమా? ముడేసి నడుపుతం" అన్నావు.

స్టార్టయిన చప్పుడు విని కాక వచ్చాడు. "మంచిగైంది బిడ్డా. భంగార్ దుకాన్‌కు టెంపో ఎందుకు? ఘర్‌కీ గాడీ ఉన్నది గదా" అన్నాడు.

నీ మగ్గాన్ని అమ్మ భంగార్‌కు, తుక్కు కింద ఇచ్చేసింది బాపూ. నేసేవాళ్లు లేరు, మగ్గంగా కొనేవాళ్లూ రాలేదు.

"బండి బాగైతే మొదటి ట్రిప్పు మనం నేసిన చద్దర్లే" అనేవాడివి. ఇవాళ ఎక్కించింది నీ మగ్గం ముక్కలు. అమ్మ బయటికి రాలేదు. దాజీ పేట్ నుంచి అశోక్ చౌక్ అవతలి భంగార్ దుకాన్ దాకా నేనే తోలాను. ఆ ముడి ఊడితే బండి ఆగిపోతుందని, మగ్గాన్ని ఇంటికి తిరిగి తీసుకుపోవచ్చని, యాక్సిలరేటర్‌ను కావాలనే గట్టిగా తొక్కాను.

నువ్వు వేసిన ముడి కదా బాపూ, ఊడలేదు.