లిస్టులో పద్నాలుగో పేరు

సోమవారం, తార్నాక

పెద్దోడికి దగ్గు తగ్గింది. కోడలి తలనొప్పి అలాగే ఉంది. మనవడు శీను పోలీస్ స్టేషన్ నుంచి దెబ్బ తగలకుండా వచ్చాడు, అన్నం మాత్రం ముట్టలేదు. నాకు గుండెదడ.

క్యాంపస్‌లో రాళ్లు పడిన రోజు పట్టుకున్న పద్నాలుగు మందిలో వీడొకడు. ఇన్‌స్పెక్టర్ మా ట్రాన్సిస్టర్ తీసుకుని లిస్టులోంచి వీడి పేరు కొట్టేశాడు. లంచగొండి అయితేనేం, మా పిల్లాణ్ణి కాపాడాడని దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం శీను నోరు విప్పాడు.

"నానమ్మా, పద్నాలుగు మందని పై ఆఫీసర్లకు చెప్పిండ్రు. ఒకడు తక్కువైతే అడుగుతరని, మన పాల యాదమ్మ కొడుకును రోడ్డు మీద నుంచి గుంజుకొచ్చిండ్రు. నేను పోయి నా పేరు రాయమంటా."

వద్దని వాడి చేతులు పట్టుకున్నాను. ఇంకేదైనా ఇచ్చి ఆ పిల్లాణ్ణీ విడిపిద్దామంటే, ఆ ఇన్‌స్పెక్టర్ ఈసారి ఎవరి బిడ్డను తెస్తాడో.

సాయంత్రం యాదమ్మ పాలు పోస్తూ అంది, "మీ శీనును ఇడిసిపెట్టిండ్రట గద, మంచిగయింది. మా పోరడు రాయి ముట్టలేదమ్మా. వాన్ని చూడవోతె జైల్ల కాయితం మీద ఏం రాసిస్తరో, నాకు సదువు రాదు. జర తోడు రారాదు?"

అసలు సంగతి చెప్పలేకపోయాను. జైల్లో వాణ్ణి చూడనిచ్చేది గురువారం పొద్దున. వస్తానన్నాను.